బూట్లు విప్పి కొలిచిన ఎత్తు

ఎడ్మంటన్‌లో చదువుకునే తెలుగు పిల్లల్లో "సాంబారు వంశీ" పేరు విననివాళ్లు తక్కువ. వంశీ ముఖం చూడనివాళ్లకు కూడా ఆ కథ తెలుసు. ట్రైలర్ లాగడం చేతకాక ఒక కుర్రాడు గుండిగెడు సాంబారును హైవే పాలు చేశాడని, వెనకాల వస్తున్న పికప్ ట్రక్కు వైపర్ కింద ములక్కాడ ముక్క ఇరుక్కుందని చెప్పుకొని నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య నేనూ చాలాసార్లు కూర్చున్నాను. నవ్వాను కూడా.

ఆ కథలో సాంబారు నిజం, ములక్కాడ నిజం. వంశీకి చేతకాలేదన్నది మాత్రం అబద్ధం. ఆ ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే హిచ్‌ను తప్పు ఎత్తులో బిగించింది నేను. ఆ సంగతి నాకు అదే రోజు, అదే రోడ్డు పక్కన తెలిసింది. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

నా పేరు ఏలీషా. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, ఎడ్మంటన్ వచ్చి, ఊరి చివర ట్రైలర్లు అమ్మే, బాగుచేసే ఒక దుకాణంలో చేరి, అక్కడే రిటైర్ అయ్యాను. అరవై నిండకుండానే ఇంట్లో కూర్చోవడానికి కారణం నా కుడి మోకాలు. డాక్టర్లు దాన్ని తీసి వేరేది పెట్టారు. ముందుముందు ఆ మోకాలితో చాలా పని ఉంది కాబట్టి ఇప్పుడే పరిచయం చేస్తున్నాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు ఈ పనిలోకి వస్తున్నారు. "అంకుల్, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి" అని అడుగుతున్నారు. నేను ఏ ఏడాది సూపర్‌వైజర్ అయ్యానో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అసలే అక్కర్లేదు. నేను చేసిన పని, దాన్ని నేర్పిన మనిషి, నేను చేసిన వెధవ పని, ఈ మూడూ చెబుతాను.

పని ఇంతే

ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, సింకు, కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలే బాత్రూము, అన్నీ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లాలి.

ట్రక్కు వెనక ఒక ఉక్కు కాడ, దాని చివర చిన్న బత్తాయంత ఉక్కు గుండు ఉంటాయి. ట్రైలర్ ముందు వైపున ఆ గుండు మీద బోర్లించే టోపీ లాంటిది ఉంటుంది. దాన్ని నేను ట్రైలర్ ముక్కు అంటాను. ముక్కు గుండు మీద కూర్చోవాలి, లాక్ పడాలి, గొలుసులు తగిలించాలి. చూసేవాళ్లకు ఇంతే కనిపిస్తుంది. గొలుసులు తగిలించడం ఎవరైనా చూపిస్తే ఐదు నిమిషాల్లో వస్తుంది.

అసలు పని ఎత్తులో ఉంది. ట్రైలర్ రోడ్డు మీద చదునుగా నిలబడాలి. ముక్కు ఒక పిసరు కిందికి ఉన్నా ఫరవాలేదు. పైకి మాత్రం ఉండకూడదు. ముక్కు పైకి లేస్తే బరువంతా వెనక్కి జారుతుంది. వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక అటూ ఇటూ ఊపడం మొదలుపెడుతుంది. తోక మొదలుపెట్టిన నాట్యానికి ట్రక్కు కూడా తాళం వెయ్యాల్సి వస్తుంది. లోపల కూర్చున్నవాడికి అప్పుడు తన ఇష్టదైవం చాలా స్పష్టంగా గుర్తొస్తాడు.

అందుకని చదునైన నేల మీద ట్రైలర్‌ను సరిగ్గా నిలబెట్టి ముక్కు ఎత్తు కొలవాలి. ఆ ఎత్తుకు తగ్గట్టు గుండును బిగించాలి. ఉక్కు కాడకు వరుసగా రంధ్రాలు ఉంటాయి. బోల్టులు విప్పి గుండును పైకో కిందికో జరుపుకోవచ్చు. బరువు పడ్డాక ట్రక్కు వెనక భాగం ఎంత కుంగుతుందో కూడా లెక్కలో వేసుకోవాలి.

మనవాళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. ఖాళీ ట్రైలర్ తెచ్చి "ఏమీ పెట్టుకోమండీ, రెండు దుప్పట్లు" అంటారు. ఇంటికెళ్లి బియ్యం బస్తాలు, గ్రైండరు, పచ్చడి జాడీలు, ఊరందరికీ సరిపడా ప్రెషర్ కుక్కర్లు ఎక్కిస్తారు. ఒకాయన రోలు కూడా పెట్టుకున్నాడు. క్యాంపుకు రోలెందుకండీ అంటే, "మిక్సీలో వేస్తే చట్నీకి రుచి రాదు" అన్నాడు. వాళ్ల తప్పు లేదు, మనం అడిగే తీరులో ఉంది. "ఏం పెట్టుకుంటారు?" అని అడగకండి. "ఎంతమందికి వండుతారు?" అని అడగండి. నిజం బయటికొస్తుంది.

డేవ్ టేపు

నాకు ఈ పని నేర్పింది మా యజమాని డేవ్. గుమ్మాల దగ్గర తల వంచి నడిచే మనిషి. నడుముకు పసుపు రంగు కొలత టేపు ఎప్పుడూ ఉండేది. చర్చికి సూటు వేసుకొని వెళ్లినప్పుడు కూడా కోటు కింద అది ఉబ్బెత్తుగా కనిపించేదట. వాళ్లావిడే చెప్పింది.

మొదటి నెలలో ఒక కస్టమర్ తన హిచ్ ఎత్తు తప్పుగా పెట్టామని గొడవకు వచ్చాడు. నేను ట్రక్కు చుట్టూ తిరిగి, కళ్లు చికిలించి చూసి, "సరిగ్గానే ఉంది" అన్నాను. డేవ్ నన్ను పక్కకు పిలిచాడు.

"టేపు తీశావా?"

"లేదు, చూస్తే తెలుస్తోంది కదా..."

"టేపు తీయకపోతే నువ్వు చెప్పేది నేను వినను. వెళ్లు."

తీసి చూస్తే ఎత్తు సరిగ్గానే ఉంది. ఆ కస్టమర్ ఇంటి ముందు వాలు మీద ట్రైలర్‌ను నిలబెట్టి, అది వంగి ఉందని వచ్చాడు. నేను గెలిచినట్టు డేవ్ వైపు చూశాను. డేవ్ నన్ను పొగడలేదు. "అదృష్టవంతుడివి" అని ఊరుకున్నాడు. ఆ మాట అప్పుడు నాకు చాలా అన్యాయంగా తోచింది.

డేవ్‌లో లోపాలు లేకపోలేదు. పాటలు పాడేవాడు, అది పెద్ద లోపం. కస్టమర్ ముందు పనివాణ్ణి తిట్టడు, తరువాత మాత్రం తీరిగ్గా తిడతాడు. ఒక మనిషిని నమ్మాడంటే అతను చెప్పింది మళ్లీ తరచి అడగడు. ఈ ఆఖరిది మంచి గుణమనే ఇప్పటికీ అంటాను. నేను వాడుకున్న తీరే బాగాలేదు.

నా మోకాలు

పని చేతికొచ్చాక మనిషికి ఒళ్లు బలుస్తుంది. నాకు మోకాలు బలిసింది.

మా పని ప్యాంట్లకు మోకాలి మీద అదనంగా ఒక గుడ్డ వేసి కుడతారు. దాని కింది కుట్టు అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. ట్రైలర్ ముక్కు పక్కన నిలబడితే అది ఆ కుట్టుకు ఎన్ని వేళ్లు పైన ఉందో, ఎన్ని వేళ్లు కింద ఉందో ఇట్టే తెలిసిపోయేది. గుండు పక్కన నిలబడి చూస్తే దాని లెక్కా తెలిసేది. రెండూ సరిపోతే పని అయిపోయినట్టు. ఎన్నోసార్లు టేపుతో సరిచూసుకున్నాను, తేడా రాలేదు. తేడా రాకపోయేసరికి టేపు డ్రాయర్‌లోకి పోయింది.

మన కస్టమర్లకు ఇది భలే నచ్చింది. "ఏలీషా గారు కాలు పెట్టారంటే ఇక చూసుకోనక్కర్లేదు" అనేవారు. ఒకావిడ నా మోకాలికి దిష్టి తగులుతుందని కూడా అంది. దాని తరువాతి గతి తలుచుకుంటే ఆవిడ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను.

డేవ్ చూసినప్పుడల్లా "టేపు?" అనేవాడు. నేను "కొలిచాను" అనేవాణ్ణి. దేంతో కొలిచానో ఆయన అడిగేవాడు కాదు.

ఇందులో ఒక్క షరతు ఉంది. అది నాకూ తెలియదు, మోకాలికీ తెలియదు. నా కొలత నేల నుంచి కాదు, బూటు అడుగు నుంచి మొదలవుతుంది. మేం యార్డులో వేసుకునే బూట్లకు మడమ దగ్గర మూడు వేళ్ల మందం ఉంటుంది. అవి లేకుండా నేను యార్డులో అడుగు పెట్టిన రోజే లేదు. ఒక్కటి తప్ప.

రాజేశ్వరి గారి ట్రైలర్

అవి స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడుతున్న ఏళ్లు. ఏ బస్సు ఎక్కినా తెలుగు వినిపించేది. ఏ బేస్‌మెంటులో చూసినా గుమ్మం ముందు చెప్పుల కుప్ప. భీమవరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ రాజేశ్వరి గారు తన బేస్‌మెంటును పిల్లలకు అద్దెకిచ్చి, వాళ్లకు వండి పెట్టేవారు. అద్దె ఆలస్యమైతే ఊరుకునేవారు, అన్నం వదిలేస్తే ఊరుకునేవారు కాదు. పిల్లలందరినీ వేసవి సెలవుల్లో సరస్సు దగ్గరికి తీసుకెళ్లాలని ఆవిడ మా దగ్గర ఒక పాత ట్రైలర్ కొన్నారు. వంటిల్లు వెనక భాగంలో ఉన్నది కావాలని ఏరికోరి తీసుకున్నారు.

ఆ బేస్‌మెంటులోనే వంశీ ఉండేవాడు. కరీంనగర్ దగ్గరి పల్లె. ఇక్కడ కాలేజీలో డిప్లొమా చదువుతూ, శనివారాలు మా యార్డులో ట్రైలర్లు కడిగేవాడు. చదువు అయిపోవచ్చింది. మా దుకాణంలోనే ఫుల్‌టైం ఉద్యోగం దొరికితే దాని మీద ఇక్కడే స్థిరపడే అనుమతికి, అదే పీఆర్‌కు, అప్లై చేయాలని అతని ఆశ. దొరక్కపోతే ఊరు మారాలి, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. "డేవ్‌తో నేను మాట్లాడతాలే" అని నేను మాటిచ్చాను. డేవ్ కూడా నా మాట కోసమే చూస్తున్నాడు.

ట్రైలర్ తీసుకెళ్లే రోజు రాజేశ్వరి గారు కొబ్బరికాయ, కర్పూరం, పసుపు, కుంకుమ, నిమ్మకాయలతో యార్డుకు వచ్చారు. ట్రక్కు ఆవిడ భర్తది. ఆయన ఉత్తరాన చమురు గనుల్లో పనికి వెళ్లి ఉండటంతో, వంశీ నడపాలని నిర్ణయం. అతనికి లైసెన్సు ఉంది, పైగా ధైర్యం ఉంది.

"మా ఊర్ల ట్రాక్టర్ ట్రాలీని సందుల రివర్స్ జేసినోణ్ణి అంకుల్. ఇదెంత?"

పూజకు ముందే నేను ట్రక్కు పక్కన కాలు పెట్టి గుండు ఎత్తు చూసుకున్నాను. బూట్లతోనే. ట్రైలర్ ముక్కు కొలవబోతుండగా రాజేశ్వరి గారు కర్పూరం వెలిగించారు.

"అందరూ చెప్పులు విప్పండి బాబూ!"

నేను క్రైస్తవుణ్ణి. అయినా ఎవరి పూజ దగ్గరైనా పాదరక్షలతో నిలబడటం మర్యాద కాదని మా అమ్మ నేర్పింది. విప్పాను. నన్ను చూసి డేవ్ కూడా విప్పాడు. యార్డులో బూట్లు విప్పితే ఉద్యోగం ఊడుతుందని గోడ మీద రాయించిన మనిషి, బొటనవేలు దగ్గర చిల్లు పడ్డ సాక్సుతో, చేతులు జోడించుకొని నిలబడ్డాడు. కొబ్బరి ముక్క పెడితే రెండోది కూడా అడిగి తిన్నాడు.

పూజ అయింది. పిల్లలు తొందరపడుతున్నారు. నేను బూట్లు ఒక చేత్తో పట్టుకొని అలాగే ట్రైలర్ దగ్గరికి నడిచి, మోకాలు ఆనించి చూశాను. ముక్కు ఎప్పుడూ ఉండేదానికన్నా కాస్త ఎత్తుగా ఉందనిపించింది. పాత ట్రైలర్ కదా, తీరు అంతేనేమో అనుకున్నాను. బూట్లు తొడుక్కొని గుండును రెండు రంధ్రాలు పైకి జరిపి బిగించాను.

బూట్లు లేకపోతే నా మోకాలు మూడు వేళ్లు కిందికి దిగుతుంది. పక్కనున్నది అంత పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఇది బడిపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. ఆ పూట నాకు అర్థం కాలేదు.

తగిలించాక వంశీ ఒకసారి వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు.

"అంకుల్, ముక్కు జర పైకి లేసినట్టు లేదా?"

"యార్డు వాలు అలా కనిపిస్తుందిలే."

"పక్కపొంటి ట్రైలర్‌కు గట్ల కనవడ్తలే."

"వంశీ, ఈ పని నువ్వు నాకు నేర్పుతావా?"

అతను వెంటనే చేతులెత్తేశాడు. "అయ్యో, ఊకెనే అడిగిన అంకుల్. మీకు చెప్పేటంతటోన్నా?"

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలింది. మూడు చితికాయి. నాలుగోది ఎగిరి, దొర్లుకుంటూ వెళ్లి డేవ్ కాలి దగ్గర ఆగింది.

"ఆ నాలుగోది తొక్కలేదు బాబూ!" అని రాజేశ్వరి గారు కేక వేశారు.

"అది ఉరికింది ఆంటీ!"

"అది పరిగెత్తేదాకా నువ్వేం చేస్తున్నావ్?"

డేవ్ ఆ నిమ్మకాయను జేబులో వేసుకొని టీలోకి పనికొస్తుందన్నాడు.

హైవే మీద

మధ్యాహ్నం కాకముందే ఫోన్ వచ్చింది. "అంకుల్, వెనక బండి తోక ఊపుతున్నది. ఎనభై దాటితే సాలు, నాతోని కొట్లాటకొస్తున్నది. పక్కకు ఆపిన. మీరు జర రావాలె."

నేను వెళ్లేసరికి ట్రైలర్ రోడ్డు పక్కన ఉంది. చుట్టూ పిల్లలు, గుడ్డలు, బకెట్లు. వెనక వంటింట్లో పెట్టిన సాంబారు గుండిగ జారి, గోడకు కొట్టుకొని, బోర్లా పడింది. సాంబారు పాత నేల అంచున సందు వెతుక్కొని బయటికి కారింది. గాలి దాన్ని వెనక వచ్చేవాళ్లకు పంచింది.

ఆ ప్రసాదం ఎక్కువగా దక్కింది ఒక గడ్డం రైతుకు. ఆయన కూడా ఆగి ఉన్నాడు. ముందున్న ట్రక్కులోంచి ఆయిల్ కారుతోందని చెప్పడానికి ఆగాడట. తన అద్దం మీది దాన్ని వేలితో తీసి వాసన చూశాడు. అనుమానం తీరక నాలుకకు రాసుకున్నాడు.

"ఆయిల్ కాదు," అన్నాడు మాతో. "ఇందులో చింతపండు ఉందా?"

రాజేశ్వరి గారు ఏడుపు ఆపి, ఆయనకు మిగిలిన పులిహోర డబ్బా నిండా పెట్టిచ్చారు. ఆయన వైపర్ కింది ములక్కాడ ముక్కను తీసి, ఇదెలా తినాలని అడిగాడు. ఒక పిల్లాడు నమిలి చూపించాడు.

అందరూ అటు ఉండగా నేను ముందుకు వెళ్లాను. రోడ్డు అక్కడ బల్లపరుపుగా ఉంది. ట్రైలర్ ముక్కు ఎవరినో వెక్కిరిస్తున్నట్టు పైకి లేచి ఉంది. కాలు ఆనించి చూశాను. నేను పొద్దున చూసిన కొలతే, వేలు తేడా లేదు. కొలత సరిగ్గా ఉంటే ట్రైలర్ ఎందుకు వంకరగా ఉంది? కిందికి చూశాను. బూట్లు కనిపించాయి. అవి పొద్దున నా చేతిలో ఉన్న సంగతి గుర్తొచ్చింది.

అప్పుడు చెప్పేసి ఉంటే ఆ రోజు అందరం నవ్వుకునేవాళ్లం. కథ నా పేరు మీద ఉండేది, నాకు తగినట్టే ఉండేది. నేను నా ట్రక్కులోంచి రెంచీ తీశాను. అందరూ సాంబారు తుడుస్తుండగా జాకీ ఎత్తి, బోల్టులు విప్పి, గుండును రెండు రంధ్రాలు కిందికి దించి బిగించాను.

"ఏం చేస్తున్నారండీ ఏలీషా గారూ?" అన్నారు రాజేశ్వరి గారు.

"ఊరికే, చెక్ చేస్తున్నానండీ."

ఆ తరువాత నా ట్రక్కును అక్కడే వదిలి, సరస్సు దాకా వాళ్ల బండి నేనే నడిపాను. ట్రైలర్ పసిపిల్లలా వెనకే వచ్చింది.

"చూశావా వంశీ! పెద్దాయన చేతిలో ఎంత బుద్ధిగా వస్తోందో! నువ్వు నిమ్మకాయే తొక్కలేకపోయావు, నేను అప్పుడే అనుకున్నాను," అన్నారు రాజేశ్వరి గారు.

"నేనేం జేసిన ఆంటీ? సీదా పోయిన!"

"సీదా పోతే సాంబారు ఎందుకు పోతుంది?"

వెనక సీట్లోంచి ఎవరో "సాంబారు వంశీ" అన్నారు. ట్రక్కంతా నవ్వింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

కుర్రాడు కదా

సెలవు అయిపోయాక ఆ గడ్డం రైతు మా దుకాణానికి వచ్చి కథంతా డేవ్‌కు చెప్పాడు. డేవ్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, తరువాత నా దగ్గరికి వచ్చాడు.

"ఎత్తు నువ్వే పెట్టావు కాబట్టి అందులో తేడా ఉండదు," అన్నాడు. "మరి కుర్రాడి సంగతేంటి? ఉద్యోగం ఇవ్వమంటావా? నీకు బాగా తెలిసినవాడు, నువ్వే చెప్పు."

నా దగ్గర చెప్పాల్సిన జవాబు సిద్ధంగా ఉంది. నోట్లోంచి వచ్చింది వేరు.

"కుర్రాడు కదా," అన్నాను.

అంతే. అందులో అబద్ధం లేదు. వంశీ కుర్రాడే. డేవ్ తల ఊపి వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగం వేరే అతనికి వెళ్లింది.

కొన్నాళ్లకు వంశీ మా ఇంటికి వచ్చాడు. విన్నిపెగ్‌లో ఏదో పని చూసుకున్నానని, వెళ్తున్నానని చెప్పాడు. మా ఆవిడ సుగుణ కాఫీ ఇచ్చింది.

"డేవ్ ఏమన్నడు అంకుల్, నా గురించి?"

"ఖాళీ లేదన్నాడు నాయనా."

"పోనీయండి. మీరైతే అడిగిన్రు గద, గదే సాలు."

నా కాలికి దండం పెట్టి వెళ్లాడు. సరిగ్గా ఆ మోకాలి దగ్గరే చెయ్యి తగిలించి కళ్లకద్దుకున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

బాగా అలసిపోయిన రోజు కన్నా, నలుగురు పొగిడిన రోజు ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. చేయి తిరిగినవాడు చేసే తప్పును ఎవరూ అనుమానించరు, పక్కవాడి మీదికి నెడతారు. మీరు నోరు తెరవక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

ట్రైలర్‌ను నింపాకే కొలవండి. బరువైనవి వెనక పెట్టనివ్వకండి. ఆ రోజు గుండిగ వెనక ఉండటం కూడా తోక ఊపడానికి కొంత సాయం చేసింది. దాని గురించి రాజేశ్వరి గారికి చెప్పాల్సింది కూడా నేనే. తగిలించాక నాలుగడుగులు దూరం వెళ్లి పక్క నుంచి చూడండి. ఎవరైనా "ముక్కు లేచినట్టుందే" అంటే, వాడు నిన్న చేరినవాడైనా సరే, మళ్లీ కొలవండి. రెండు నిమిషాల పని. మూతి ముడుచుకోవడానికీ అంతే సమయం పడుతుంది.

పూజ చేసుకోనివ్వండి. అందులో ఏ దోషమూ లేదు. కొలవడం మాత్రం పూజకు ముందో, బూట్లు వేసుకున్నాకో కాదు, టేపుతో.

పాత మోకాలు, కొత్త మోకాలు

ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఏమైనా సందేహాలున్నాయా అని అడిగారు. "కొత్త మోకాలు పాతదంత ఎత్తులోనే ఉంటుందా?" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. పక్కనున్న సుగుణకు కోపం వచ్చింది.

"రిటైరయ్యారు కదా, ఇప్పుడు ఎవరి ట్రైలర్ కొలవాలట?"

మంచం మీద పడి ఉన్నవాడికి పనేముంటుంది? ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక సుగుణకు మొత్తం చెప్పాను. పూజ, బూట్లు, రెంచీ, డేవ్‌తో అన్న మాట. సుగుణ కాసేపు నవ్వింది. రెంచీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"నాకు చెప్తే ఏం లాభం? నా సాంబారు పోలేదు, నా ఉద్యోగం పోలేదు."

నడక వచ్చాక ముందు డేవ్ దగ్గరికి వెళ్లాను. మొత్తం విన్నాడు. తరువాత, "ఇప్పుడు ఉద్యోగం ఇస్తే వస్తాడా?" అన్నాడు.

"రాడు. విన్నిపెగ్‌లో కుదురుకున్నాడు. పీఆర్ కూడా వచ్చింది."

"అంటే నాకు రావాల్సిన మంచి పనివాణ్ణి కూడా పోగొట్టావు," అన్నాడు. పసుపు టేపు నడుము నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. అది బహుమతో తిట్టో నేను అడగలేదు.

పోయిన వేసవి సెలవులకు రాజేశ్వరి గారు పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ అందరినీ పిలిచారు. వంశీ విన్నిపెగ్ నుంచి సొంత ట్రక్కులో, సొంత ట్రైలర్ లాక్కుంటూ వచ్చాడు. ఇంటి ముందు ఒక్క ఊపులో రివర్స్ చేసి నిలబెట్టాడు. ట్రైలర్ చదునుగా ఉంది. నేను టేపు తీయకుండానే ఆ మాట అంటున్నాను, క్షమించాలి.

ఆ ఏడాదే కాలేజీలో చేరిన ఒక పిల్లాడు అతని దగ్గరికి పరిగెత్తాడు.

"అన్నా, సాంబారు వంశీ అంటే నువ్వేనా?"

వంశీ నవ్వాడు. "నేనే తమ్మీ."

ఆ "నేనే" నాకు గట్టిగా తగిలింది. కావాలనే ఆ రోజు పాత పని బూట్లు వేసుకొచ్చాను. ప్యాంటు కూడా పాతదే. అందరూ చూస్తుండగా వంశీ ట్రైలర్ ముక్కు పక్కన కుడికాలు పెట్టి నిలబడ్డాను.

"ఇది చూడండి. కుట్టుకు ఎంత కింద ఉంది?"

"మూడు వేళ్లు అంకుల్," అన్నాడు కొత్త పిల్లాడు.

కొత్త మోకాలు వంగక, సుగుణ భుజం పట్టుకొని బూట్లు విప్పాను. ఎండకు కాలిన సిమెంటు మీద మళ్లీ నిలబడ్డాను. "ఇప్పుడు?"

"సమానంగా ఉంది. ట్రైలర్ ఎట్లా లేచింది అంకుల్?"

"ట్రైలర్ లేవలేదు. నేను దిగాను. రాజేశ్వరి గారూ, మీ పూజ రోజున నేను బూట్లు లేకుండా ఇలా కొలిచాను. ముక్కు ఎత్తుగా పెట్టింది నేను. మీ సాంబారు పారబోసింది నేను."

రాజేశ్వరి గారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "మరి నిమ్మకాయ?" అన్నారు.

"నిమ్మకాయకు ఏ పాపమూ తెలియదండీ."

ఎవరో నవ్వబోయి ఆగారు. వంశీ మాత్రం నవ్వలేదు. ట్రక్కుకు ఆనుకొని నా పాదాలవైపు చూస్తున్నాడు.

"నేను సూసిన అంకుల్," అన్నాడు మెల్లగా. "ఆనాడు రోడ్డు పక్కన మీరు రెంచీ వట్టుకున్నది. గుండు కిందికి దించింది."

"చూశావా? మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు జెప్తరనుకున్న. పిల్లల ముందట చిన్నతనమైతదని ఆగిన్రేమో, డేవ్‌కైతే జెప్తరనుకున్న. విన్నిపెగ్ బస్సెక్కేదాంక అనుకున్న."

కాళ్లు కాలుతున్నాయి. బూట్లు పక్కనే ఉన్నాయి. తొడుక్కోలేదు.

"డేవ్ అడిగాడు, వంశీ. ఖాళీ లేదన్నది నా అబద్ధం. నీ గురించి చెప్పమంటే నేను 'కుర్రాడు కదా' అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. ఆ రోజు నువ్వు బండి సరిగ్గానే నడిపావు. ముక్కు లేచిందని నువ్వు చెప్పావు, నేను నీ నోరు మూయించాను. తెలిశాక నా నోరు మూసుకున్నాను. నీ ఉద్యోగం నా వల్ల పోయింది, ఆ పేరు నా వల్ల వచ్చింది. నేను పెద్దవాణ్ణనీ, నీకు మాటిచ్చాననీ నువ్వు నన్ను నమ్మావు. తప్పు నాది నాయనా. నన్ను క్షమించు."